ఏరు దాటే ముందు కాళ్ళ సంగతి చూసుకోండి!

నంద్యాలలో బస్సెక్కి అహోబిలం బయలుదేరేవాళ్ళు సంచిలో ముందుగా పులిహోర పొట్లం సర్దుకుంటారు. తర్వాత కొబ్బరికాయలు, కర్పూరం. కాళ్ళకు మాత్రం పెరట్లోకి వెళ్ళేటప్పుడు తొడుక్కునే హవాయి చెప్పులే! దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుణ్ణి దర్శించుకుని వెనక్కి వచ్చేసేవారికి అవి చాలు. ఎగువ అహోబిలం చేరి, అక్కణ్ణుంచి భవనాశి వెంట జ్వాలా నరసింహుడి దాకా నడవాలనుకునేవారికే ఈ నాలుగు మాటలు.

దారి బాగుంటుంది. కుందూ నది పారే నంద్యాల దాటాక రెండు పక్కలా నల్లరేగడి చేలు. ఎడమచేతి వైపు నల్లమల కొండలు మన వెంటే వస్తుంటాయి. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల ఉలి చప్పుడు వినిపిస్తుంది. దేశంలో ఎన్నో గుళ్ళకు విగ్రహాలు ఇక్కణ్ణుంచే వెళతాయి. అక్కడికి అహోబిలం సుమారు పాతిక కిలోమీటర్లు. కాళ్ళకు సరైనవి లేవని అప్పటికి తోచినా ఫరవాలేదు, ఆళ్ళగడ్డ బజారులో కొనుక్కోవచ్చు. కొండ ఎక్కడం మొదలుపెట్టాక ఆ వీలు లేదు.

ఎగువ అహోబిలం పైన దారి కొంత మెట్లు, కొంత బండరాళ్ళు. వానలు కురిసిన రోజుల్లో ఏరు దారికి అడ్డం వస్తూనే ఉంటుంది. నీళ్ళు తేటగా, అద్దంలా ఉంటాయి. అదే మోసం. అడుగున గుండ్రాళ్ళమీద సన్నని పాచి కంటికి కనబడదు, కాలికి తెలిసేసరికి మనిషి కింద ఉంటాడు. మడమ మెలిపడడం, మణికట్టు విరగడం ఇలాగే జరుగుతాయి. యాభై దాటిన ఆడవారికి ఎముకలు పలచబడి ఉంటాయి గనుక చిన్నపాటు కూడా పెద్ద దెబ్బే.

ఇంతకీ ఏం తొడుక్కోవాలి? చలిదేశాల్లో ఏళ్ళలో దిగి చేపలు పట్టేవాళ్ళు వేడర్స్ అని పాదం నుంచి నడుం దాకా, ఒక్కోసారి రొమ్ము దాకా వచ్చే నీరు చొరని లాగు తొడుక్కుంటారు. మన కుర్రాళ్ళు కొందరు ఇప్పుడు వాటిలో తేలిక రకాలు తెప్పించుకుని అడవి యాత్రలకు తీసుకుపోతున్నారు. అక్కడ వాటికి కారణం ఉంది. చన్నీళ్ళు ఒంట్లోని వేడిని గాలికంటే ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తాయి, కాసేపటికే కాళ్ళు కొయ్యబారతాయి. మన భవనాశికి ఆ చలి ఎక్కడిది? ఆ లాగులో పైనుంచి నీళ్ళు రాకపోయినా లోపలి చెమటతోనే తడిసిపోతారు. ఎవరైనా తొడుక్కునే పక్షంలో నడుంమీద బెల్టు గట్టిగా బిగించాలి. లేకపోతే పడినప్పుడు లోపలికి నీళ్ళు చేరి లేవనివ్వవు. పొలాల్లో వాడే గమ్‌బూట్లదీ ఇదే సంగతి. లీటరు నీళ్ళంటే కిలో బరువు. నిండిన బూట్లతో ఒక్కో అడుగూ లెక్కపెట్టుకోండి!

మనకు కావలసింది నీళ్ళు రానివ్వనిది కాదు, వచ్చిన నీళ్ళను వెంటనే పోనిచ్చేది. వెనక పట్టీ ఉన్న, వేళ్ళను కప్పే రబ్బరు శాండల్స్ మంచివి. పలచని కాన్వాసు బూట్లయినా సరే. అడుగు మెత్తని రబ్బరుదై, లోతైన గాళ్ళు ఉండాలి. గట్టి ప్లాస్టిక్ అడుగు పాచిమీద సబ్బుబిళ్ళలా జారుతుంది. కొనేటప్పుడు బొటనవేలి గోరుతో నొక్కి చూడండి, కొంచెమైనా దిగాలి. సాయంకాలం కొనడం మేలు, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. కొత్తవి తొడుక్కుని నేరుగా కొండెక్కితే బొబ్బలు ఖాయం. వారం రోజులు ఊళ్ళో తిరిగి చూసుకోండి. హవాయి చెప్పు ఏట్లో మొదటి అడుగులోనే పట్టీ ఊడి, మీకంటే ముందు దిగువ అహోబిలం చేరుతుంది!

బట్టల విషయంలో మన పెద్దవాళ్ళే నయం. పంచె ఎగకట్టి, చీర కచ్చపోసి దాటేవారు. జీన్సు పంట్లాం తడిస్తే ఆరదు, కాళ్ళకు చుట్టుకుని లాగుతుంది.

దాటే చోటు ఎంచుకోవడంలోనూ పొరపాటు పడుతుంటారు. ఇరుకుగా ఉన్నచోట నాలుగడుగులే కదా అని దిగుతారు. నీరు అక్కడే లోతు, అక్కడే వడి. వెడల్పుగా, పలచగా పారే చోటు చూసుకోండి. చేతికర్ర తప్పనిసరి. ప్రవాహం వచ్చే దిక్కుకి ముఖంపెట్టి, కర్ర ముందు ఊని, పక్కకు ఒక్కో అడుగూ జరపాలి. సంచి పట్టీ ఒక భుజానికే ఉంచండి, పడితే వదిలెయ్యవచ్చు. వడిగా పారే నీరు మోకాలి లోతున్నా మనిషిని పడేస్తుంది. నీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా పైన వాన పడిందన్నమాట. మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, వెనక్కి తిరగండి. 2019 సెప్టెంబరులో ఈ కొండల కిందే ఉన్న మహానంది ఆలయంలోకి వాననీళ్ళు వచ్చేశాయి. ఆ నీళ్ళతో పందెం వద్దు.

చక్కెర వ్యాధి ఉన్నవారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఏళ్ళ తరబడి వ్యాధి ఉన్నవారిలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు దిగినా తెలియదు, మధ్యాహ్నపు రాతి బండమీద అరికాలు కాలినా తెలియదు. వట్టికాళ్ళతో కొండెక్కుతానని మొక్కుకోవడం వీరికి తగదు. మొక్కు మరొక రూపంలో తీర్చుకోవచ్చు, పోయిన వేలు తిరిగి రాదు. గుడి ముందు చెప్పులు విడిచేటప్పుడు, అనుమతి ఉంటే, మందపు నూలు మేజోళ్ళు తొడుక్కోండి.

బసకు చేరగానే పాదాలు మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు గుడ్డతో పొడిగా తుడవాలి. నాని తెల్లబడిన సందుల్లోనే బూజు తెగులు పడుతుంది. అరికాళ్ళను దీపం దగ్గర చూసుకోండి, వంగలేనివారు అద్దం కింద పెట్టుకోండి. గీరుకున్నచోట సబ్బుతో కడిగితే చాలు, పసుపూ కాఫీపొడీ అద్దవద్దు. గాయం లోతుగా, మట్టి చేరి ఉంటే, ధనుర్వాతం సూది వేయించుకుని ఐదేళ్ళు దాటిందేమో గుర్తుచేసుకుని డాక్టరుకు చెప్పండి. తెల్లవారి తొడుక్కునే ముందు బూట్లు బోర్లించి దులపడం మరవకండి, తేళ్ళకు అంతకంటే వెచ్చని ఇల్లు దొరకదు.

నీళ్ళలో దిగడం అనగానే రాయలసీమ పెద్దవాళ్ళకు నారికురుపు గుర్తుకొస్తుంది. పురుగు వేలాడుతున్న కాలితో దిగుడుబావిలో దిగితే, ఆ నీళ్ళు తాగినవారికి మరుసటేడు కురుపు వచ్చేది. 1996 తర్వాత మన దేశంలో ఆ జబ్బు కనబడలేదు, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అది పోయిందని ధ్రువీకరించింది. ఆ భయం ఇక లేదు.

ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల, పుండ్ల గుండా లోపలికి పోయే లెప్టోస్పైరోసిస్ మాత్రం ఉంది. కొండమీద పారే ఏటికంటే ఊళ్ళ దగ్గర నిలిచిన వాననీటిలో దానికి అవకాశం ఎక్కువ. యాత్ర నుంచి వచ్చిన రెండు మూడు వారాల్లోగా చలిజ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళు ఎర్రబడడం కనిపిస్తే మందుల షాపు మాత్రలతో సరిపెట్టకండి. డాక్టరు దగ్గరకు వెళ్ళి, ఫలానా రోజున ఏట్లో దిగామని ముందుగా చెప్పండి. ఆయన అడక్కపోయినా చెప్పండి.