వేడెక్కితేనే బయటపడే జబ్బు

మా ఇంటి అంబాసిడర్ 1986 నాటిది. నాన్నగారు కొన్నది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినా, మాది బరంపురం వీధుల్లో తిరుగుతూనే వచ్చింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. బస్సు మెట్లు ఎక్కలేదు. ఇచ్ఛాపురంలో ఉన్న దొడ్డమ్మని నెలకోసారి చూసి, చిన్ననాటి కబుర్లు కలబోసుకుని రావాలంటే ఆవిడకి ఆ కారే ఆధారం.

2019 వేసవిలో అది మొండికేసింది. ఇంటి దగ్గర ఒక్క తిప్పుకే స్టార్టయ్యేది. అరగంట నడిచాక, రెండుసార్లూ ఒకే చింతచెట్టు దాపుల్లో, టక్కున ఆగిపోయింది. కాసేపు ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేచేది. మెకానిక్ కార్బురేటర్ కడిగాడు, పెట్రోలు పంపు మార్చాడు. పాపం, అతని షెడ్డుకి చేరేసరికి బండి చల్లబడేది. చల్లబడ్డాక దానికి ఏ రోగమూ లేదు. తమ్ముడు అమ్మేద్దామన్నాడు. అమ్మ మాత్రం, "అక్కని ఇక్కడికి రమ్మంటే అదీ రాలేదు కదరా" అని ఊరుకుంది.

ఒక ఆదివారం బండిని పెరట్లో నిలబెట్టి, ఆగేదాకా ఇంజను నడిపించాను. నలభై నిమిషాలకి ఆగింది.

ఎండల్లో ఇలా జరిగితే అనుమానం రెండింటి మీదికి పోతుంది: పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోవడం, లేదా కరెంటు తప్పడం. డిస్ట్రిబ్యూటర్ మూత నడుమ ఉన్న లావు తీగ ఊడదీసి, రబ్బరు పిడి ఉన్న ప్లయరుతో దాని కొసని ఇంజను ఇనుముకి పావంగుళం ఎడంగా పట్టుకున్నాను. మా అబ్బాయి తాళం తిప్పాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు నీలంగా చిటపటలాడిన రవ్వ ఇప్పుడు లేదు. పెట్రోలు తప్పేమీ లేదని తేలింది.

పాయింట్లు చూశాను. మాడలేదు; ఎడం 0.4 మిల్లీమీటర్లు, సరిగానే ఉంది. టెస్టు బల్బు పెడితే కాయిలు దాకా బ్యాటరీ కరెంటు వస్తోంది. ఇక మిగిలింది కాయిలే. పిడికిట్లో పట్టే ఆ డబ్బా 12 వోల్టులని వేల వోల్టులు చేస్తుంది. లోపల అంతా రాగి తీగ చుట్లు. ఎక్కడైనా తీగ చిట్లితే, చల్లగా ఉన్నంతసేపూ కొసలు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి, వేడికి విడిపోతాయి. తీగలు విప్పి మీటరు పెట్టాను. ముల్లు కదల్లేదు. తడిగుడ్డ చుట్టి పది నిమిషాలాగి మళ్ళీ పెడితే 3 ఓములు చూపించింది, కొత్త కాయిలు చూపించినట్టే.

మార్చడం ఎంతసేపు! బ్యాటరీ తీగ తీసి, పట్టీ బోల్టులు విప్పి, ఏ తీగ ఎక్కడిదో గుర్తుపెట్టుకుని కొత్తది బిగించాం. పెరట్లో గంటసేపు ఆగకుండా నడిచింది. పాయింట్లున్న పాత బండి మీ ఇంట్లో ఉంటే ఒక్క మాట: ఇంజను ఆగినప్పుడు తాళం ఆన్‌లో వదలకండి. పాయింట్లు మూసుకుని ఉంటే కాయిలు ఊరికే కాలుతుంది.

ఆ వారమే అమ్మని తీసుకుని ఇచ్ఛాపురం బయల్దేరాను. దారి పొడుగునా దొడ్డమ్మ పెళ్ళినాటి సంగతులు చెబుతూనే ఉంది. చింతచెట్టు కనబడగానే మాట ఆపేసింది. చెట్టు వెనక్కి వెళ్ళిపోయింది. "ఏదాకా చెప్పానురా?" అని మళ్ళీ అందుకుంది.