ఎల్ షేప్ సోఫా

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే హాల్లో కొత్త ఎల్ షేప్ సోఫా! హాలు 14 బై 10 అడుగులు. సోఫా ఒకవైపు 9 అడుగులు, ఇంకోవైపు 6. వంటింట్లోకి వెళ్లాలంటే పక్కకి తిరిగి నడవాలి. "ఇంజనీరింగ్ చదువుతున్నావుగా, నువ్వే సర్దు" అన్నారు నాన్న.

గ్రాఫ్ పేపర్ మీద హాలు గీసి, అట్టముక్కని సోఫాలా కత్తిరించి తిప్పి చూశాను. అట్టని బోర్లా వేస్తే భలే సరిపోయింది. కానీ సోఫాని బోర్లా వేయలేంగా! చివరికి పొడుగు వైపు గోడకి, పొట్టి వైపు కిటికీ కిందకి చేర్చాం. నడవడానికి 3 అడుగులు దొరికాయి. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య అడుగున్నర వదిలాను. కాళ్లు పట్టాలి, కాఫీ కప్పూ అందాలి కదా. ఖాళీ మూలలో పూలకుండీ పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు.

రాత్రి సీరియల్ టైముకి నాయనమ్మ మాత్రం గదిలోంచి రాలేదు. వెళ్లి అడిగితే, "అందులో కూర్చుంటే లేవలేకపోతున్నాన్రా" అంది.

మళ్లీ టేపు తీశాను. సోఫా ఎత్తు 16 అంగుళాలు, కూర్చుంటే 13కి దిగిపోతోంది. సీటు ఎంత కిందకుంటే లేచేటప్పుడు మోకాళ్ల మీద అంత భారం. బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న ఆవిడ పాత చెక్క కుర్చీ 18 అంగుళాలు. పట్టుకుని లేవడానికి చేతులు కూడా ఉన్నాయి.

హాలంతా కొలిచాను గానీ, అందులో ఉండే మనుషుల్ని కొలవలేదు.

పూలకుండీ బాల్కనీకి, కుర్చీ హాల్లోకి మారాయి. నాయనమ్మ వచ్చి కూర్చుని, "రిమోట్ ఇటియ్యి" అంది.