రాళ్లు సరే, తిత్తి సంగతేమిటి?

కాశీ వెళ్లిన తెలుగువాళ్లు ఆసుపత్రి పెథాలజీ విభాగం గడప తొక్కరు. నేను తొక్కాను, పిత్తాశయ క్యాన్సర్ సంగతి తెలుసుకుందామని. అది మన దక్షిణాదిలో తక్కువ. ఉత్తరప్రదేశ్, బీహార్, బెంగాల్, అస్సాంలలో ఎక్కువ. ఆడవాళ్లలో మరీను.

ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండుతున్నాయి. రాళ్లున్నాయని ఆపరేషన్ చేసి తీసిన పిత్తాశయాన్ని, అంటే గాల్‌బ్లాడర్ తిత్తిని, అక్కడి డాక్టరమ్మ కత్తెరతో నిలువుగా కోసి విప్పారు. లోపలి పొర ఆకుపచ్చగా, మఖమల్‌లా ఉంది. అడుగు భాగంలో మాత్రం తెల్లగా, గట్టిగా దళసరెక్కింది. మామూలు గోడ మందం మూడు మిల్లీమీటర్లు దాటదట. "క్యాన్సర్ ఎక్కువగా ఈ అడుగునే మొదలవుతుందండీ. అయినా కంటితో చూసి తేల్చేయకూడదు" అన్నారు. పాత వాపు కూడా ఒక్కోసారి అచ్చం ఇలాగే గోడను మందం చేస్తుందట.

మైక్రోస్కోప్ కింద వంకర తిరిగిన గ్రంథులు కనిపించాయి. ఎడినోకార్సినోమా. పిత్తాశయ క్యాన్సర్లలో నూటికి తొంభై దాకా ఈ రకమే. అసలు చిక్కంతా ఆ గోడలోనే ఉంది. పేగు గోడకుండే సబ్‌మ్యూకోసా పొర దీనికి లేదు. కండర పొర పలచన. కాలేయానికి అతుక్కున్న వైపు పైపొర కూడా ఉండదు. కణితి నాలుగడుగులు వేస్తే కాలేయంలోనే.

లక్షణాలా? కుడి డొక్కలో నొప్పి, అజీర్తి. రాళ్లకూ అవే. కామెర్లు, బరువు తగ్గడం, చేతికి గడ్డ తగలడం దాకా వచ్చేసరికి చాలామందికి ఆలస్యమైపోతుంది. ఈ రోగుల్లో ఎక్కువమందికి రాళ్లుంటాయి; రాళ్లున్నవాళ్లలో క్యాన్సర్ వచ్చేది బహు కొద్దిమందికే. టైఫాయిడ్ క్రిమి పిత్తాశయంలో ఏళ్ల తరబడి తిష్ఠ వేయడమూ ఒక కారణమంటారు. కల్తీ ఆవనూనె మీదా అనుమానముంది, అది ఇంకా తేలలేదు.

రాళ్ల కోసం తీసిన తిత్తిలో అనుకోకుండా బయటపడే కేసులే కాస్త అదృష్టవంతులవి. జబ్బు లోపలి పొర దాటకుండా, తిత్తి చిరగకుండా బయటికొస్తే చేసిన ఆపరేషనే సరిపోతుంది. కండరంలోకి దిగితే కాలేయంలో కొంత ముక్కనూ, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులనూ తీయడానికి మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చు. ఈ తేడా చెప్పగలిగేది బయాప్సీ ఒక్కటే.

మనవాళ్లు ఆపరేషన్ కాగానే రాళ్లను సీసాలో వేయించుకొని చుట్టాలకు చూపిస్తారు. చూపించుకోండి. కానీ తిత్తిని పరీక్షకు పంపారా అని డాక్టరుగారిని అడగండి. కుట్లు విప్పించుకోవడానికి వెళ్లిననాడు బయాప్సీ రిపోర్టు చేతికి తీసుకోండి.