అసిస్టెంటు

"డాక్టరు కాదట్రా, అసిస్టెంటట!" అని డాలస్ నుంచి మా అక్కయ్య ఫోనులో ఏడ్చినంత పని చేసింది. అసలు బాధ అది కాదు. ఉద్యోగం సైన్యంలో.

మా మేనల్లుడు మెడిక్‌గా చేరి, శాన్ ఆంటోనియోలోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్ ద్వారా 29 నెలల ఫిజీషియన్ అసిస్టెంట్ చదువు ముగించాడు. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఈ కోర్సు మొదలుపెట్టినప్పుడు తీసుకున్నది కూడా నేవీలో వైద్య సహాయకులుగా చేసి వచ్చినవాళ్ళనే. ఈ ముక్క చెబితే, "నీ చరిత్ర పాఠం ఎవడిక్కావాలి?" అంది అక్కయ్య.

బెటాలియన్‌లో జ్వరానికైనా, మడమ బెణికినా, రాత్రుళ్ళు నిద్ర పట్టకపోయినా ముందు వాడి దగ్గరికే వస్తారట. ఇప్పుడు స్పెషాలిటీ ఎంచుకోవాలి: ఎముకలా, ఎమర్జెన్సీయా, పైలట్లని చూసుకునే ఏవియేషన్ వైద్యమా?

"ఎముకలు తీసుకో, బయటికొచ్చాక ఉద్యోగం తేలిక" అన్నాను. కన్సల్టెంటు బుద్ధి ఎక్కడికి పోతుంది! గిరాకీ చూసి మూడుసార్లు టెక్నాలజీ మార్చినవాణ్ణి.

"హెలికాప్టర్ వచ్చేదాకా వాడు బతికుండాలి కదా మామయ్యా" అన్నాడు, తడబడే తెలుగులో.

ఆ 'వాడు' ఎవడని నేనడగలేదు.

"శిక్షణంతా పెద్దాసుపత్రిలోనే అక్కయ్యా" అని చెప్పాను. అది నిజమే. ఆ తర్వాత ఎక్కడికని అక్కయ్య కూడా అడగలేదు.