‘నో’ అంటే?

ఇంగ్లీషు నేర్చుకొంటున్నవారితో మాట్లాడేటప్పుడు నెమ్మదిగా, కాస్త బిగ్గరగా పలికితే చాలునని చాలామంది అనుకొంటారు. న్యూజెర్సీలో మా ఊరి గ్రంథాలయంలో శనివారాలు జరిగే సంభాషణ తరగతికి స్వచ్ఛందంగా వెళ్ళడం మొదలుపెట్టాక నాకు బోధపడినది వేరు. పెద్ద పదాల దగ్గర ప్రమాదం లేదు. అక్కడ ఎవరైనా ఆగి అర్థం అడుగుతారు. మోసం చేసేవి ‘ఎస్’, ‘నో’ అనే రెండు చిన్న మాటలే.

‘జ్వరం లేదు కదా?’ అంటే మనం ‘ఆఁ, లేదు’ అంటాం. అడిగినవారి మాట నిజమేనని ఒప్పుకోవడం ఆ ‘ఆఁ’. కొరియన్లు ‘నే’ అన్నా, జపానువారు ‘హాయ్’ అన్నా ఇందుకే. (కొరియను భాషలో ‘నే’ అంటే అవునని! మన చెవికి అదొక చిక్కు.) ఇంగ్లీషుకు అడిగిన తీరుతో పనిలేదు, జ్వరం ఉంటే ‘ఎస్’, లేకుంటే ‘నో’.

మనవడిని చూసుకొనేందుకు సియోల్ నుండి వచ్చిన ఒక పెద్దావిడ ఆ తరగతికి వస్తుంటారు. ఒకనాడు ఆసుపత్రి సంభాషణ అభ్యాసం చేస్తున్నాం. నర్సు పాత్ర వేసిన అమెరికన్ మిత్రురాలు ‘బీపీ మాత్రలు ఆపలేదు కదా?’ అని ఇంగ్లీషులో అడిగింది. ‘నో’ అన్నారావిడ. మిత్రురాలు తృప్తిగా తల ఊపి తరువాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ ‘నో’ మన ‘లేదండీ, మానేశాను’లోని ‘లేదు’లా వినిపించింది. మాత్ర వేసుకొంటున్నట్టు అభినయించి ‘టుడే?’ అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, రెండు వేళ్ళు చూపి, ‘టూ వీక్, స్టాప్’ అన్నారు. కళ్ళు తిరుగుతున్నాయని మానేశారట. మేము నాటకమాడుతున్నాం, ఆవిడ నిజం చెబుతున్నారు. ఆ సాయంత్రమే కూతురు వైద్యునికి ఫోను చేసింది.

తెలుగు మాత్రం తక్కువ తిన్నదా? ఒట్టి ‘లేదు’తో మానినట్టో మాననట్టో తేలదు. అయితే మనం అక్కడితో ఆగం. ‘తిన్నావా?’ అంటే ‘తిన్నాను’ అని క్రియతోనే బదులిస్తాం. కొరియన్లకూ ఈ అలవాటుంది. అందుకే ఇప్పుడు ‘కదా’లు మాని, ‘రోజూ వేసుకొంటున్నారా?’ అని సూటిగా అడుగుతున్నాను. జవాబులో క్రియ వినిపించేదాకా ముందుకు కదలను. పాఠ్యపుస్తకానికి ఇది రుచించదు. అది ‘ఎస్, ఐ డూ’ అనమంటుంది.

పెద్దావిడ ఈ మధ్య ‘ఎస్’, ‘నో’ అనడమే తగ్గించారు. మొన్న ‘టీ కావాలా?’ అని అడిగితే ‘వాంట్’ అన్నారు. నేను దిద్దలేదు.