మేకప్ అక్కరలేని ముఖం

ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన వికృతాకారుడిగా మారడానికి బోరిస్ కార్లోఫ్ గంటల తరబడి మేకప్ కుర్చీలో కూర్చోవలసి వచ్చేది. రాండో హాటన్‌కు ఆ అవసరం లేకపోయింది.

1894లో మేరీలాండ్‌లో పుట్టి, టాంపాలో పత్రికా విలేఖరిగా పనిచేసిన ఆయన ముఖాన్ని ఎక్రోమెగలీ మార్చివేసింది. పీయూష గ్రంథిలో కంతి ఏర్పడి గ్రోత్ హార్మోన్ అదుపు తప్పితే దవడ, నుదురు, చేతులు పెరుగుతాయి. ఎవరికీ కనపడకుండా గుండె కూడా పెరుగుతుంది. యూనివర్సల్ స్టూడియోకు కావలసింది ముఖమే. 1944లో 'ది పెర్ల్ ఆఫ్ డెత్' చిత్రంలో, వెన్ను విరిచి చంపే 'క్రీపర్' పాత్ర ఇచ్చింది. 1946 ఫిబ్రవరి 2న గుండెపోటు ఆయనను తీసుకుపోయింది. 'హౌస్ ఆఫ్ హారర్స్', 'ది బ్రూట్ మాన్' ఆ తరువాతే విడుదలయ్యాయి.

'హౌస్ ఆఫ్ హారర్స్'లో ఒక శిల్పి క్రీపర్‌ను నీటిలోంచి కాపాడి, అతని ముఖాన్ని శిల్పంగా మలుస్తాడు. ఆపైన తన పగలు తీర్చుకోవడానికి అతణ్ణే వాడుకుంటాడు. స్టూడియో చేసిందీ దాదాపు అదే.

భయానక చిత్రాల అభిమానులు 2002 నుండి ఏటా ఓట్లు వేసి ఇచ్చే బహుమతి, ఆ శిల్పానికి చిన్న ప్రతిరూపం. ఇదీ ఆ ముఖాన్ని వాడుకోవడమే కదా అనవచ్చు. కానీ దానికి వారు క్రీపర్ అని పేరు పెట్టలేదు. రాండో అని పెట్టారు.