తోలు తీయకండి... బాగుచేయండి!

కొత్త కారు ఇంటికొచ్చి ఆర్నెల్లయినా సీట్ల మీది పాలిథిన్ కవరు తీయనివాళ్లు కొందరుంటారు. కూర్చుంటే చర్రుచర్రుమంటుంది, ఎండాకాలం వీపు అట్టుడికినట్టు ఉడుకుతుంది. అయినా సరే, తీయరు. సీటు మాసిపోతుందని బెంగ! అదే సీటుకి పదేళ్లు నిండాక చూడండి. తలుపు వైపు అంచు పగుళ్లు తేలి, రంగు వెలిసి, లోపలి స్పాంజి బయటికి తొంగిచూస్తున్నా ఎవరికీ పట్టదు. మరీ నామోషీగా ఉంటే పైన ఓ తువ్వాలు పరుస్తారు. అంతే సంగతులు!

లెదరు సీటు విషయంలో ఆ పగుళ్లు చావు కబురేమీ కాదు. సకాలంలో చూస్తే చాలావరకూ బాగుపడేవే.

అక్కడే ఎందుకు?

నాలుగు సీట్లలో ముందు పాడయ్యేది డ్రైవరు సీటే. అందులోనూ తలుపు వైపు ఉబ్బెత్తు అంచు. ఎక్కినా దిగినా మనిషి బరువంతా దాని మీద నుంచే జారుతుంది. జీన్సు ప్యాంటు రివెట్లు, బెల్టు బకిల్, వెనక జేబులోని లావుపాటి పర్సు... రోజూ గీరుతూనే ఉంటాయి. దానికి చెమట, అద్దంలోంచి పడే ఎండ తోడు.

అసలు సంగతేమిటంటే, మన చెయ్యి తాకేది ముడి తోలుని కాదు. మిల్లీమీటరు పైచిలుకు మందం ఉండే తోలు మీద దాదాపు వెంట్రుకంత మందాన రంగు పొర, దానిపైన పారదర్శకంగా మరో రక్షణ పొర ఉంటాయి. చాలా కార్ల సీట్లు ఇలా తయారయ్యేవే. ముందు అరిగేది ఆ పూతే. తోలు సంగతి ఆ తర్వాత. కొబ్బరినూనె రాసినా, బూటు పాలిష్ పట్టించినా పగుళ్లు పోకపోవడానికి కారణం ఇదే. నూనె నాలుగు రోజులు నిగనిగలాడించి దుమ్మును పట్టి ఉంచుతుంది. పాలిష్ అయితే తెల్ల చొక్కాకి అంటుకుని ఇంట్లో కొత్త గొడవ తెస్తుంది.

తోలును శాస్త్రంగా చదివిన తెలుగువాడూ ఉన్నాడు మనకి. తెనాలి ప్రాంతంలోని యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. మద్రాసులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 1948లో మొదలైంది. 1958 నుంచి 1971 దాకా దానికి ఆయనే డైరెక్టర్. నలుగురూ చిన్నచూపు చూసే పనిని ప్రయోగశాలకెక్కించిన మనిషి.

మాస్టారి కారు

విజయవాడ ఆటోనగర్‌లో సీట్లు కుట్టే ఓ చిన్న షెడ్డు. అక్కడికో రిటైర్డ్ మాస్టారు కారు తెచ్చారు. కొడుకు అమెరికా వెళ్తూ వదిలి వెళ్లిన బండి. ‘అమ్మేసి కొత్తది కొనుక్కో నాన్నా’ అని ఫోన్లో పోరుతున్నాడు. అంతకుముందు వెళ్లిన దుకాణంలో ‘మొత్తం పీకేసి కొత్త కవర్లు వేద్దాం’ అన్నారు. మాస్టారికి రెండూ ఇష్టం లేవు.

మేస్త్రి సీటు మీద వేలు రాసి, వాసన చూశాడు.

‘‘ఎన్నాళ్ల నుంచి నూనె పట్టిస్తున్నారు మాస్టారూ?’’

‘‘రెండేళ్లయింది నాయనా. తోలే కదా, మెత్తబడుతుందని...’’

‘‘ముందు ఆ జిడ్డంతా తీయాలండి. లేకపోతే రంగు నిలవదు.’’

సగం రోజు ఆ జిడ్డుకే సరిపోయింది. తేలికపాటి సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు, ఆపైన స్పిరిటు గుడ్డ. తర్వాత సన్నటి ఎమరీ కాగితంతో పగుళ్ల అంచులు నున్నగా చేశాడు. చిరిగిన చోట కింద నుంచి గుడ్డ ముక్క దూర్చి, ఆరినా వంగే జిగురుతో అతికాడు. పైన లెదరు ఫిల్లరు, ఒక్కసారే మందంగా కాదు. పల్చగా పూయడం, ఆరనివ్వడం, రుద్దడం... మళ్లీ పూయడం. మందంగా పూస్తే నాలుగు రోజులకే పెచ్చులూడుతుందట.

అసలు పరీక్ష రంగు దగ్గర. పదేళ్ల ఎండకి వెలిసిన లేత గోధుమ రంగు ఏ డబ్బాలోనూ దొరకదు. కలుపుతూ, చాటు మూలన చుక్క వేసి చూస్తూ, ఆరాక మళ్లీ కలుపుతూ కుదుర్చుకోవాలి. తర్వాత గన్నుతో పల్చటి పొరలు, చివర్లో రక్షణ పూత. ఒక రోజు పూర్తిగా ఆరేదాకా ఎవరూ కూర్చోకూడదు.

ముందు సీటు వీపున బాల్‌పెన్ను గీతలు కనిపించాయి. మేస్త్రి స్పిరిటు గుడ్డ తీయబోతే మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. సెలవులకొచ్చినప్పుడు మనవరాలు వేసిన బొమ్మ అది. ‘‘అది అలాగే ఉండనీ నాయనా’’ అన్నారు. మేస్త్రి ఆ ముక్కకి కాగితం అంటించి, చుట్టూ మాత్రం రంగు కొట్టాడు.

ప్రాణం మీదికి రాకుండా...

అందానికి మించిన సంగతి ఒకటుంది. చాలా కార్లలో పక్క ఎయిర్‌బ్యాగు ముందు సీటు వీపులోనే, తలుపు వైపున ఉంటుంది. అక్కడ ‘ఎయిర్‌బ్యాగ్’ అని చిన్న చీటీ కనిపిస్తుంది. ప్రమాదంలో అక్కడి కుట్టు తెగి, కన్నుమూసి తెరిచేలోపు సంచి బయటికి రావాలి. ఆ కుట్టు తెగేలా వేసిందే! దాన్ని గట్టి దారంతో బిగించి కుట్టినా, పైన మందపాటి కవరు తొడిగినా సంచి రావాల్సినట్టు రాకపోవచ్చు. అందుకని ఆ కుట్టు జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి. సీటు ఊడదీయాల్సి వస్తే ముందు బ్యాటరీ తీగ తీయించాలి. తయారీ సంస్థ చెప్పినంతసేపు ఆగాకే కింది తీగల మీద చెయ్యి వేయాలి.

అన్నిటికీ పూతే మందు కాదు. కుట్టు దగ్గర తోలు పిగిలిపోతే ఆ ఒక్క ముక్కనే కోసి కొత్తది కుట్టించాలి. స్పాంజి కుంగితే దాన్నీ సరిచేయించాలి. లేకపోతే పైన వేసిన రంగు మళ్లీ పగులుతుంది. ‘లెదరు సీట్లు’ అని అమ్మిన కార్లలోనూ కూర్చునే చోట మాత్రమే తోలు, పక్కలంతా రెక్సిన్ లాంటి సరకు ఉండొచ్చు. తెలుసుకోవాలంటే మడత వెనక చూడండి. పీచుగా ఉంటే తోలు, నేతగుడ్డ కనిపిస్తే కాదు.

ఇక బాగుచేయించాక చేయాల్సింది పెద్దగా లేదు. రెండు మూడు నెలలకోసారి తడిగుడ్డతో తుడవడం, నీడలో నిలపడం, వెనక జేబులోని పర్సు ముందుకు మార్చుకోవడం. దిగేటప్పుడు అంచు మీద నుంచి జారకుండా కాస్త లేచి దిగడం. ఈ చివరిది అలవాటు కావడమే కష్టం!